ముందు దారి అడగండి: ప్రవాస సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

ప్రవాస సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకూ, వార్షిక సంచికల సంపాదకులకూ నమస్కారం.

మీరు వేసే ప్రతి సంచికలోనూ వదిలివచ్చిన నగరం గురించి కొన్ని వ్యాసాలు ఉంటాయి. వాటిలో ఏ అయిదింటినైనా తీసుకుని ఊరి పేరు చెరిపేసి చదవండి. అది ఏ ఖండంలోని ఊరో కూడా చెప్పలేం. ఇరుగుపొరుగు మంచివాళ్లు, వీధులు విశాలమైనవి, వానలు వేళకు పడేవి, తలుపులకు తాళాలుండేవి కావు, ఆ రోజులే వేరు. రాసినవాళ్ల బెంగ నిజమైనదే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ బెంగకు కారణమైన నగరం ఆ పేజీల్లో ఎక్కడా కనబడదు. నలభై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ సంచిక తెరిస్తే అక్కడ ఒకప్పుడు ఏ వీధి ఎటు తిరిగేదో ఒక్క ముక్క తెలియదు.

వలస వెళ్లినవాళ్ల మాటలు రికార్డు చేసి, రాతలోకి ఎక్కించి, పాత ఫొటోలూ పటాలూ జతపరిచి దాచే పనిలో ఉన్నవాళ్లం మేం. మా విన్నపం ఒక్కటే. వచ్చే సంచికకు వ్యాసాలు పిలిచే ముందు మీ సంఘంలో డెబ్బై దాటినవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల చిన్ననాటి నగరాన్ని రికార్డు చేయండి. ఎలా చేయాలో, పని ఎక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాం.

బెంగ విషయం ముందు తేల్చుకుందాం. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగకు 'నోస్టాల్జియా' అని పేరు పెట్టి, దాన్ని ఒక జబ్బుగా వర్ణిస్తూ సిద్ధాంత వ్యాసం రాశాడు. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు అది వైద్యుల జాబితాలోనే ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యులు వేల కేసులను ఆ పేరు మీదే నమోదు చేశారు. ఇప్పుడెవరూ దాన్ని జబ్బు అనరు. ఒంటరితనంలో, మనసు బాగాలేనప్పుడు అది ముంచుకొస్తుందనీ, వచ్చి మనసును కాస్త తేలిక చేస్తుందనీ మనస్తత్వ పరిశోధకులు చెబుతున్నారు. సంపాదకులు పట్టించుకోవలసింది ఈ సంగతినే. ఓదార్పు కోసం తలచుకునే మనిషి ఓదార్చే వాటినే ఏరుకుంటాడు. నీళ్ల కోసం బారులు తీరడం, కర్ఫ్యూ, ఎవరింటికి వెళ్లకూడదో పెద్దవాళ్లు చెప్పిన మాట జారిపోతాయి. వ్యాసం రాయమంటే ఏరినవే వస్తాయి. కాబట్టి వ్యాసం అడగొద్దు.

దారి అడగండి. "మీ ఊరి గురించి చెప్పండి" అంటే ఇదివరకు వందసార్లు చెప్పి నున్నబడిన మాటలే వినిపిస్తాయి. "మీకు ఏడేళ్లు. ఇంటి గడప దిగి బడికి బయల్దేరారు. ఎడమకా, కుడికా?" అని మొదలుపెట్టండి. ప్రతి మలుపులోనూ ఆపండి. కాళ్ల కింద మట్టా, రాయా, తారా? కాలువ అడ్డం వచ్చేదా, దేని మీంచి దాటేవారు? కుక్కలకు భయపడి ఏ సందు తప్పించేవారు? వానాకాలంలో దారి మారేదా? పొద్దున వెళ్లేటప్పుడు ఎండ మొహం మీద పడేదా, వీపు మీదా? ఈ చివరి ప్రశ్నను మాత్రం వదలొద్దు. పటం గీసేటప్పుడు ఇంటికీ బడికీ మధ్య దిక్కు తప్పిందంటే మిగతా ఊరంతా తలకిందులవుతుంది. ఎండ ఎటు పడేదో తెలిస్తే దాన్ని సరిచేసుకోవచ్చు. పదిహేను నిమిషాల నడక చెప్పడానికి గంట పట్టిందంటే ఇంటర్వ్యూ బాగా నడుస్తున్నట్టే.

దారి అయ్యాక ఏ3 సైజు తెల్లకాగితం, మెత్తటి పెన్సిలు ఇచ్చి గీయమనండి. రబ్బరు ఇవ్వొద్దు. తప్పు గీతను కొట్టేసి పక్కన మళ్లీ గీస్తే ఆ తడబాటు కూడా మీకు పనికొస్తుంది. ఏది ముందు గీశారో, ఏది తర్వాతో మీ పుస్తకంలో వరస నంబర్లు వేసుకోండి. మొదట వచ్చింది వాళ్ల లోకానికి నడిబొడ్డు. నగరాన్ని మనుషులు మనసులో దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గురుతులు అనే అయిదింటితో కట్టుకుంటారని కెవిన్ లించ్ అనే అమెరికన్ ప్రణాళికా నిపుణుడు 1960లో వివరించాడు. చిన్నపిల్లల నగరంలో వీటన్నిటికంటే బలమైనవి అంచులు. "ఆ రైలు కట్ట దాటనిచ్చేవారు కాదు", "ఆ వీధి మనది కాదనేవారు" అన్న మాట రాగానే అక్కడ ఆగండి. ఎవరు వద్దన్నారు, ఎందుకు, దాటితే ఏమయ్యేది, అటువైపు పిల్లలు ఇటు వచ్చేవారా? ఊరు ఎలా ముక్కలై ఉండేదో తెలిసేది ఇక్కడే. సంచిక వ్యాసాల్లో ఎప్పుడూ రానిది కూడా ఇదే.

వీధులకు రెండు పేర్లు అడగండి, బోర్డు మీది పేరొకటి, పిల్లలు పిలిచే పేరొకటి. రెండోది ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండదు, చెప్పే మనిషితోనే పోతుంది. పలికినట్టే రాయండి, సరిదిద్దకండి.

సంవత్సరం మాత్రం అడగొద్దు. జరిగి చాలాకాలమైన సంగతులను మనుషులు ఉన్నదానికంటే ఇటీవలివిగా చెబుతారు, జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. "అప్పుడు మీరు ఏ తరగతి? తమ్ముడు పుట్టాడా? ఏ ఇంట్లో ఉన్నారు?" అని అడిగి, ఆ ఆనవాళ్ల మీద సంవత్సరం మీరే లెక్కకట్టుకోండి. దూరాలూ అంతే. పిల్లవాడి కంటికి మైదానమనిపించినది పెద్దయ్యాక వెళ్లి చూస్తే పెరడంత ఉంటుంది. వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే ఉంచి, కొలత పటం మీద చూసుకోండి.

ఎవరి దగ్గర ఏమి దొరుకుతుందో ముందే అంచనా ఉంటే సమయం కలిసొస్తుంది. మూడేళ్ల లోపు సంగతులు దాదాపు ఎవరికీ ఉండవు. ఉన్నాయంటే చాలావరకు ఇంట్లో విన్నవే. పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల దాకా జ్ఞాపకాలు దట్టంగా ఉంటాయి. వలస వెళ్లినవాళ్లలో ఆ దట్టం వలస వయసు వైపు జరుగుతుందని కూడా పరిశోధనల్లో కనబడింది. అంటే ముప్ఫై అయిదేళ్లకు దేశం దాటిన మనిషి ఊరి గురించి చెబుతున్నానంటూ ప్రయాణానికి ముందు నాలుగైదేళ్ల సంగతులే చెప్పవచ్చు. బాల్యంలోకి తీసుకెళ్లడానికి ఒక దగ్గరి దారి ఉంది. మాటలూ బొమ్మలూ చూపిస్తే ఎక్కువగా పదేళ్లు దాటాక జరిగినవి గుర్తొస్తాయి, వాసనలు మాత్రం పదేళ్ల లోపు రోజులను తట్టిలేపుతాయి. కాబట్టి "ఆ మలుపు దగ్గర ఏ వాసన వచ్చేది, ఏ వేళ?" అన్న ప్రశ్న దారి పొడవునా వేస్తూ ఉండండి. తడి సున్నం, బొగ్గు పొగ, అచ్చు సిరా, తోళ్లు, కిరోసిను, ఏదో ఒకటి తగులుతుంది. దాని వెనక ఒక పని, ఆ పనిచేసే మనుషులు, వాళ్ల వీధి వరసగా వస్తాయి.

ఇప్పుడు దాదాపు అందరూ చేసే రెండు పొరపాట్లు. మొదటిది, పాత ఫొటోలు ముందే చూపించడం. 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో, చిన్నప్పుడు వేడిగాలి బెలూన్ ఎక్కినట్టు మార్చి తయారుచేసిన ఫొటోను చూపిస్తే, ఎన్నడూ బెలూన్ ఎక్కనివాళ్లలో సగం మంది ఆ ప్రయాణాన్ని ఎంతో కొంత గుర్తుచేసుకున్నారు. నిజమైన ఫొటో కూడా అలాగే పనిచేయగలదు, తన చట్రంలో ఉన్నదాన్ని జ్ఞాపకంగా నిలబెట్టి బయట ఉన్నదాన్ని మింగేస్తుంది. మొదటి విడత మాటలతో, పెన్సిలుతో సరిపెట్టండి. ఫొటోలు రెండో విడతకు. రెండో పొరపాటు, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం. సందడిగా ఉంటుంది, వీడియో బాగా వస్తుంది. కానీ గొంతు పెద్దదైన మనిషి చెప్పిందే అందరి జ్ఞాపకం అయిపోతుంది, మర్నాటికి మిగతావాళ్లు దాన్ని తమ కళ్లతో చూసినట్టే చెబుతారు. ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేశాకే కలపండి. ఇద్దరి మాటలు పొసగకపోతే రెండూ ఉంచండి. పార్కు గేటు ఉత్తరాన ఉందని ఒకరు, తూర్పున ఉందని ఇంకొకరు అన్నారంటే బహుశా రెండు గేట్లు ఉండి ఉంటాయి. ఇంట్లోవాళ్లను కూడా మర్యాదగా బయట కూర్చోమనండి. "కాదు, అది మరుసటేడు" అని పక్కనుంచి సవరించేవాళ్లుంటే ఇంటర్వ్యూ ముందుకు సాగదు.

రికార్డింగు సంగతికి వస్తే, ఖరీదైన పరికరాల కన్నా గది ముఖ్యం. కర్టెన్లు, పరుపు, పుస్తకాల అరలు ఉన్న చిన్న గది ఎంచుకోండి. ఖాళీ హాల్లో మాట మోగుతుంది, ఆ మోతను తర్వాత ఎవరూ తీసేయలేరు. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులోనే పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు చెప్పుకునే చిట్కా ఇది. ఫైలు శబ్దాన్ని కుదించే ఎంపీ3గా కాకుండా, కుదించని వేవ్‌గా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. మోనో అయితే గంటకు సుమారు 520 మెగాబైట్లు, స్టీరియో అయితే 1 గిగాబైటు దాటుతుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. గొలుసులకూ గరగరలాడే బట్టకూ తగలకుండా చూడండి. మాట గట్టిగా వచ్చినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు. సున్నాను తాకితే మాట చిట్లిపోతుంది, దాన్ని ఎవరూ అతికించలేరు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ ఉండండి. ఫోన్‌తో చేస్తే ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి, కాల్ వస్తే రికార్డింగు అక్కడితో ఆగిపోవచ్చు. మొదట తేదీ, చోటు, ఎవరెవరున్నారో చెప్పండి. చివర అర నిమిషం అందరూ మౌనంగా ఉండి గది చప్పుడు ఒక్కటే పట్టండి, ముక్కలు అతికేటప్పుడు కావాలి.

మనిషి ఇంకో దేశంలో ఉంటే వీడియో కాల్ శబ్దం మీదే ఆధారపడకండి. నేపథ్యపు చప్పుడు తగ్గించే ఏర్పాటు మెల్లగా పలికిన మాటలనూ వాక్యాల చివరలనూ కోసేస్తుంది. అటువైపు ఇంట్లోవాళ్లతో మరో ఫోన్‌ను పెద్దవాళ్ల పక్కన పెట్టించి అక్కడే రికార్డు చేయించి, ఆ ఫైలు తెప్పించుకోండి.

అడిగేవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఊరుకోవడం. "ఊ", "అవునవును", "అబ్బా" అనకుండా తలాడించండి. జవాబు ముగిసిందనిపించాక మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు సంగతి ఆ అయిదు తర్వాతే వస్తుంది. గంటన్నర దాటనివ్వకండి. ఆపైన ఎనభై ఏళ్ల మనిషికి అలసట, మీకు పాత మాటలే మళ్లీ. ఏ భాషలో చిన్నప్పుడు ఆడుకున్నారో ఆ భాషలోనే మాట్లాడించండి. మధ్యలో ఇప్పుడున్న దేశపు భాషలోకి జారితే ఆపకండి, కానీ ఎక్కడ జారారో రాసుకోండి.

గంట రికార్డింగును రాతలోకి దించడానికి అయిదారు గంటలకు తక్కువ పట్టదు. సాఫ్ట్‌వేరు చేసిపెడుతుంది కదా అంటారు. పెడుతుంది, కానీ వీధి పేర్లనూ ముద్దు పేర్లనూ తప్పుగా రాస్తుంది, మీకు కావలసినవి అవే. అంత ఓపిక లేని సంఘం కనీసం ప్రతి అయిదు నిమిషాలకు ఒక వాక్యం చొప్పున "12వ నిమిషం: వంతెన, పడవలవాళ్లు" అని సూచిక రాసిపెట్టాలి. సూచిక లేని ఫైలును ఎవరూ తెరవరు.

ఫొటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టమనకండి. మామూలుగా పంపితే అది బొమ్మను కుదించి, తీసిన తేదీ, చోటు వివరాలను తుడిచేస్తుంది. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపమనండి. అచ్చు ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగులోనే స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి, నలుపు తెలుపు ఫొటోలను కూడా. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి. ప్లాస్టిక్ పొర కింద జిగురు పేజీలకు అతికించే పాత ఆల్బమ్‌లలోంచి ఫొటోను బలవంతంగా లాగొద్దు, పేజీ పేజీనే స్కాన్ చేయండి. వెనక ఏమైనా రాయాలంటే మెత్తటి పెన్సిలే, బాల్‌పెన్ ముందువైపుకు గాడి పెడుతుంది. నెగెటివ్‌ల డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వచ్చిందంటే ఫిల్ము కుళ్లడం మొదలైందని అర్థం, వాటిని విడిగా ఉంచి ముందు స్కాన్ చేయించండి. పాత ఆడియో క్యాసెట్లు దొరికితే ప్లే చేసేముందు పై అంచున రెండు మూలల్లోని ప్లాస్టిక్ పళ్లు విరిచేయండి. ఇక దాని మీద పొరపాటున ఎవరూ రికార్డు చేయలేరు.

చెప్పిన దారులను నేల మీద సరిచూడడానికి ఇప్పుడు మంచి వీలుంది. 1960 నుంచి 1972 దాకా 'కరోనా' అనే పథకం కింద అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన చిత్రాలను 1995లో బహిరంగం చేశారు. అవి 8 లక్షలకు పైగా ఉన్నాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. వాటిలో చివరి తరం చిత్రాలు రెండు మీటర్ల వస్తువును చూపగలవు, అంటే వీధులూ చెరువులూ పెద్ద భవనాలూ తెలుస్తాయి. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో ఊరు ఏ వైపుకు పెరిగిందో తెలుస్తుంది తప్ప వీధులు కనబడవు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పాత చిత్రాన్ని, చేత్తో గీసిన పటాన్ని నేటి పటం మీద కూర్చోబెట్టవచ్చు. రెండింటిలోనూ కనబడే ఆరేడు స్థిర బిందువులు గుర్తిస్తే చాలు, అయితే అవి ఊరి నలుమూలలా ఉండాలి. అన్నీ ఒకే పేటలో పెడితే మిగతా ఊరు సాగిపోతుంది. రైలు పట్టాలు, పాత వంతెనలు, ప్రార్థనా స్థలాలు తొందరగా కదలవు, వాటిని ఎంచుకోండి. చేతి పటం కొలతకు లొంగదు, వంకర తిరుగుతుంది. దాన్ని సాగదీసి సరిచేసి అసలుది పారేయకండి. ఏ వీధి పెద్దగా, ఏది చిన్నగా గీశారన్నది కూడా దాచవలసిన విషయమే.

ఇదంతా సంఘాల వల్ల అయ్యే పనేనా అన్న సందేహానికి ఒక జవాబుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తుడిచిపెట్టుకుపోయిన తూర్పు యూరప్ ఊళ్ల యూదులు, బతికి బయటపడ్డవాళ్లూ అంతకుముందే వలస వెళ్లినవాళ్లూ, న్యూయార్క్‌లో, ఇజ్రాయెల్‌లో, బ్యూనస్ ఎయిర్స్‌లో ఊరి పేరుతో ఉన్న సంఘాల ద్వారా ఒక్కో ఊరికి ఒక్కో స్మారక గ్రంథం వేశారు. యిజ్‌కర్ పుస్తకాలంటారు, వందల్లో ఉన్నాయి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ చాలావాటిని డిజిటైజ్ చేసి అందరికీ అందుబాటులో ఉంచింది. వాటిలోనూ పొగడ్తల పేజీలున్నాయి. కానీ ఊరి వారసులూ చరిత్రకారులూ తిరగేసేది జ్ఞాపకం మీద గీసిన పటాలనూ, పేర్ల జాబితాలనూ. వాటిని వేసినవాళ్లలో చాలామంది చరిత్రకారులు కారు, మీలాంటి కార్యవర్గాలే.

అనుమతి గురించి మొహమాటం వద్దు. రికార్డింగుకు ముందు ఒక పేజీ కాగితం చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఎక్కడ దాస్తారు, ఎవరు వినవచ్చు, పేరు ఉంటుందా, ఏ భాగాలు ఎన్నాళ్లు మూసి ఉంచాలి, మనసు మారితే ఎవరికి చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. ముగిశాక మళ్లీ అడగండి, ఏం చెప్పారో అప్పటికి గాని వాళ్లకు తెలియదు. చెప్పిన మనిషి ఒప్పుకున్నా, ఆ మాటల్లో వచ్చిన పక్కింటివాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల పరువుకు సంబంధించినవి బయటి ప్రతిలో తీసేసి అసలు ప్రతిలో ఉంచండి.

దాచడం సులువే, మరిచిపోవడం ఇంకా సులువు. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో. ఏడాదికోసారి తెరిచి చూడండి. కార్యదర్శి సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత ఈమెయిలు ఖాతాలో ఉన్నదాన్ని దాచినట్టు లెక్కించకండి, పదవీకాలం ముగిసిన నాటితో అవి మాయమవుతాయి. వీలైతే ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికీ, ఇంకొకటి ఆ పాత నగరంలోని గ్రంథాలయానికీ ఇవ్వండి. అక్కడ ఇప్పుడు ఉంటున్న పిల్లలకు కూడా ఆ వీధుల మీద హక్కుంది.

సంచిక సంపాదకులకు విడిగా ఒక మాట. వ్యాసాన్ని 500 పదాలకు కుదించేటప్పుడు మీరు ముందుగా కొట్టేసేవి వీధి పేర్లు, మలుపులు, బస్సు నంబర్లు. మిగిల్చేది చివరి పేరాలోని నిట్టూర్పు. ఈసారికి అది తిరగేయండి. చివరి పేరా పోతే చాలా వ్యాసాలు బాగుపడతాయి కూడా.

వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టండి. నిర్ణయించవలసినవి ఎక్కువ లేవు: ఎవరిని ముందు కలవాలి (వయసును బట్టి, హోదాను బట్టి కాదు), ఓపికగా వినగల ఇద్దరు యువకులో యువతులో ఎవరు, రికార్డరుకూ రెండు హార్డ్‌డిస్కులకూ డబ్బు ఏ పద్దులోంచి, ఫైళ్లు ఎవరి సొంత పేరు మీదా కాకుండా సంఘం పేరు మీద ఎక్కడ దాచాలి. మొదటి ఇంటర్వ్యూకు ఆసుపత్రులు తిరుగుతున్నవాళ్లను ఎంచుకోండి, వాళ్ల కోసం వార్షికోత్సవం దాకా ఆగొద్దు. వెళ్లేటప్పుడు ఏ3 కాగితాలు నాలుగు ఎక్కువే పట్టుకెళ్లండి.

ఇట్లు,
వలస వెళ్లినవాళ్ల మాటలను రికార్డు చేసే పనిలో ఉన్న కొందరం